ఇచ్ఛాపూర్‌లో ఇచ్ఛ ఎవరిది?

ఇచ్ఛాపురం అనగానే తెలుగు పాఠకునికి తోచేది శ్రీకాకుళం జిల్లా కొసన, ఒడిశా సరిహద్దున ఉన్న పట్టణం. ఆంధ్రప్రదేశ్ శాసనసభా నియోజకవర్గాల జాబితాలో మొదటి సంఖ్య దానిదే. ప్రజల మనసు తెలుసుకుంటామని కాలినడకన బయలుదేరిన నాయకులకు ఆ ఊరు గమ్యస్థానం. 2003లో రాజశేఖరరెడ్డి చేవెళ్లలో ప్రారంభించిన పాదయాత్ర అక్కడే ముగిసింది. ఆయన కుమారుడు జగన్మోహనరెడ్డి ఇడుపులపాయలో అడుగు వేసి 2019 జనవరిలో అక్కడికే చేరారు. ఆ నడక తర్వాత వచ్చిన ఎన్నికల్లో తండ్రీ, కొడుకూ ముఖ్యమంత్రులయ్యారు. ఓటరు ఇచ్ఛ కావాలంటే అంత దూరం నడవవలసిందేనని ఆ ఊరు చెప్పకనే చెబుతుంది.

దేశానికి పడమటి కొసన మరొక ఇచ్ఛాపూర్ ఉంది. సూరత్ నగరం నుంచి తాపీ నది దాటి హజీరా వెళ్లే దారిలో, చౌర్యాసీ తాలూకాలో ఉన్న ఊరది. నిన్నమొన్నటి వరకు పల్లె. ఇప్పుడు దాని పొలిమేరలో రత్నాలు, ఆభరణాల పరిశ్రమల కోసం ఏర్పరచిన పారిశ్రామికవాడ ఉంది. దారి వెంట ముందుకు పోతే ఉక్కు, ఎరువులు, చమురు, సహజవాయువు కర్మాగారాలు. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో అత్యధిక భాగం సూరత్‌లోనే సానపడుతున్నాయి. సంపద ఎలా పుడుతుందో, ఎక్కడ పోగుపడుతుందో చూడదలచిన వారికి ఈ దారిని మించిన పాఠశాల లేదు. ఓటు ఎలా అదృశ్యమవుతుందో చూడదలచిన వారికి కూడా 2024 నుంచి సూరత్ పాఠశాలే అయింది.

ఈ నగరం తెలుగువారికి పరాయిది కాదు. చేనేత చితికిన కాలంలో వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుంచి వేలాది కుటుంబాలు మరమగ్గాల పనికై ఇక్కడికి వలస వచ్చాయి. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో తెలుగు మాధ్యమం పాఠశాలలు సైతం ఉన్నాయంటే మనవారి సంఖ్యను ఊహించుకోవచ్చు. ఉధనా, లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట వినబడని వీధి అరుదు. కనుక సూరత్‌లో ఓటుకు ఏమి జరిగినా అది మన ఇంటి సంగతే.

పార్లమెంటు నియోజకవర్గాల పునర్విభజన సూరత్ నగరాన్ని రెండుగా చీల్చింది. వరాఛా, కతార్‌గామ్, కరంజ్, తూర్పు, పడమర, ఉత్తర సూరత్‌లు, ఓల్‌పాడ్‌తో కలిసి సూరత్ లోక్‌సభ స్థానం. ఉధనా, లింబాయత్, మజూరా, చౌర్యాసీ శాసనసభా స్థానాలు నవసారి లోక్‌సభ స్థానంలోకి వెళ్లాయి. 2024 మే 7న గుజరాత్‌లో పోలింగు జరిగింది. నవసారి కిందికి వచ్చే సగం నగరం ఓటు వేసింది. సూరత్ కిందికి వచ్చే సగం నగరంలో పోలింగు కేంద్రాలు తెరుచుకోలేదు. 16 లక్షలకు పైబడిన ఓటర్లు ఆ రోజు తమ పనులకు తాము వెళ్లారు. వారి తీర్పు రెండు వారాల ముందే వచ్చేసింది. అయితే ఆ తీర్పు చెప్పినది వారు కాదు.

జరిగిన సంగతి పాఠకులకు స్థూలంగా తెలిసినదే అయినా వివరాలు గుర్తు చేసుకోవడం అవసరం. సూరత్‌లో కాంగ్రెస్ అభ్యర్థి నీలేశ్ కుంభాణీ. ఆయన నామినేషన్ పత్రాలపై ప్రతిపాదకులుగా సంతకాలు చేసినవారు ఆయన బంధువులు, వ్యాపార భాగస్వామి. ఆ సంతకాలు తమవి కావని ఆ ప్రతిపాదకులే ప్రమాణపత్రాలు దాఖలు చేశారు. ఏప్రిల్ 21న, ఆదివారం నాడు, రిటర్నింగ్ అధికారి అయిన జిల్లా కలెక్టర్ ఆ నామినేషన్లను తిరస్కరించారు. కాంగ్రెస్ ముందుజాగ్రత్తగా నిలబెట్టిన ప్రత్యామ్నాయ అభ్యర్థి పత్రానిదీ అదే గతి. మర్నాడు ఉపసంహరణకు ఆఖరి రోజు. మిగిలిన ఎనిమిది మంది అభ్యర్థులు, వారిలో బహుజన్ సమాజ్ పార్టీ అభ్యర్థితో సహా, బరిలోంచి తప్పుకున్నారు. భారతీయ జనతా పార్టీ అభ్యర్థి ముకేశ్ దలాల్ ఏకగ్రీవంగా ఎన్నికైనట్లు ఆ రోజే ప్రకటించి ధ్రువపత్రం ఇచ్చారు. కొన్ని రోజులకు కాంగ్రెస్ తన అభ్యర్థినే ఆరు సంవత్సరాలపాటు పార్టీ నుంచి సస్పెండ్ చేసింది.

ప్రలోభాలు, బెదిరింపులు పనిచేశాయని కాంగ్రెస్ ఆరోపించింది. అంతా చట్టప్రకారమే జరిగిందని, సొంత ప్రతిపాదకులను నిలుపుకోలేనివారు ఇతరులను నిందించడమేమిటని భాజపా బదులు చెప్పింది. ఈ విలేఖరి ఎవరిపైనా అభియోగం మోపడం లేదు. చట్టప్రకారమే జరిగిందన్న మాటను ఉన్నదున్నట్లు ఒప్పుకుందాం. అప్పుడే అసలు చిక్కు కనబడుతుంది. ఒక్క చట్టమూ అతిక్రమించకుండా 16 లక్షల మంది ఓటును తప్పించవచ్చునంటే లోపం మనుషులది మాత్రమే కాదు, చట్టానిది కూడా.

ఇటువంటివి పూర్వం జరగలేదా అంటే జరిగాయి. తొలి సార్వత్రిక ఎన్నికల కాలంలో ఏకగ్రీవంగా లోక్‌సభకు వచ్చినవారు పలువురున్నారు. 1962లో తిరుచెందూరు నుంచి టి. టి. కృష్ణమాచారి, 1989లో శ్రీనగర్ నుంచి మహమ్మద్ షఫీ భట్ పోటీ లేకుండా వచ్చారు. 2012లో కనౌజ్ ఉప ఎన్నికలో డింపుల్ యాదవ్‌కూ పోటీ లేకపోయింది. కాని 1989 తర్వాత సార్వత్రిక ఎన్నికల్లో అటువంటి ఘటన సూరత్‌లోనే జరిగింది. అది కూడా మొరార్జీ దేశాయిని 1957 నుంచి 1977 వరకు ఐదుసార్లు గెలిపించిన సూరత్. 1977లో దేశానికి కాంగ్రెసేతర ప్రధానిని మొదటిసారి ఇచ్చిన నియోజకవర్గమది. మొరార్జీ ఒక్కసారి కూడా పోటీ లేకుండా రావాలని చూసిన మనిషి కాదు.

ఇక్కడ పాఠకులను కొంత దూరం, కొంత వెనుకకు తీసుకుపోవలసి ఉంది. ఇచ్ఛాపూర్ మీదుగా పోయే దారి సముద్రం ఒడ్డున సువాలీ అనే రేవుకు చేరుతుంది. 1612లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ నౌకలు పోర్చుగీసు నౌకలతో తలపడినది ఆ రేవు వద్దనే. తర్వాత సూరత్‌లో కంపెనీ వర్తకస్థావరం వెలిసింది. ఆ రోజుల్లో వీర్జీ వోరా అనే సూరత్ వర్తకుని దగ్గర కంపెనీ అప్పులు చేసి వ్యాపారం నడుపుకొన్నది. సంపద రాజ్యానికి అప్పు ఇవ్వడం, రాజ్యం సంపదకు కాపలా కాయడం ఈ నేల మీద కొత్త కాదు. ఆ కంపెనీ తర్వాతి కాలంలో తన దేశపు అధికారులను కూడా వెంట తెచ్చుకొన్నది. వారిలో ఒకడు షెరీఫ్.

షెరీఫ్ అంటే మన పెద్దవారికి గుర్తుకు వచ్చేది మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలలో సంవత్సరానికొకసారి ఎవరో ఒక ధనికునికి, ప్రముఖునికి కట్టబెట్టిన అలంకారప్రాయమైన పదవి. 1726 నాటి రాజశాసనంతో ఆ మూడు పట్టణాలకు మేయర్ కోర్టులు, వాటి తీర్పులను అమలుపరచడానికి షెరీఫులు వచ్చారు. క్రమంగా అధికారం పోయి దండలు మిగిలాయి. విదేశీ అతిథులకు స్వాగతం చెప్పడం, పౌరసభలు ఏర్పాటు చేయడం షెరీఫ్ పనిగా స్థిరపడింది. అయితే ఇంగ్లండులో షెరీఫ్‌కు ఒకప్పుడు ఉన్న పని వేరు. జిల్లాలో శాంతిభద్రతలు, పన్నులు, చెరసాలలే కాక పార్లమెంటుకు ఎన్నిక జరిపి ఎవరు గెలిచారో రాజుకు నివేదించడం కూడా అతని విధి. కౌంటీ నియోజకవర్గాలలో పేరుకు ఇప్పటికీ అతడే రిటర్నింగ్ అధికారి. మన కలెక్టరు ఎన్నికల వేళ ధరించేది ఆ పాత షెరీఫ్ కోటునే.

ఆ కోటు ఎవరు తొడగాలి, ఎవరు దానికి డబ్బు చెల్లించాలి అన్న ప్రశ్నలు ఏడు వందల ఏళ్లనాటివి. 1300లో ఇంగ్లీషు రాజు ఎడ్వర్డ్ కౌంటీల ప్రజలే తమ షెరీఫులను ఎన్నుకోవచ్చునని అనుమతించాడు. పదహారేళ్లు తిరగకుండానే అతని కుమారుని కాలంలో ఆ హక్కు పోయింది. 1316 నాటి చట్టం షెరీఫులను పైవారు నియమించాలన్నది, ఆ కౌంటీలో తగినంత భూమి ఉన్నవాడే షెరీఫ్ కావాలని కూడా విధించింది. తప్పు చేస్తే రాజుకూ ప్రజకూ జవాబు చెప్పుకోవడానికి ఆస్తి ఉండాలన్నది దానికి చెప్పిన కారణం. మరొక శతాబ్దం గడిచాక 1430లో ఏడాదికి 40 షిల్లింగుల ఆదాయం వచ్చే భూమి ఉన్నవారికే ఓటు అన్నారు. ఆ ఆదాయం ఉన్నదీ లేనిదీ ప్రమాణం చేయించి తేల్చే అధికారం షెరీఫ్‌కు ఇచ్చారు. భూమి ఉన్నవాడు షెరీఫ్, భూమి ఉన్నవాడు ఓటరు, ఎవరు ఓటరో చెప్పేది షెరీఫ్. చక్రం పూర్తయింది.

ఎన్నుకుంటే చాలు, అంతా బాగుపడుతుందని నమ్మేవారికి లండన్ నగరం ఒక గుణపాఠం నేర్పింది. ఆ నగరపు షెరీఫులు ఎన్నికైనవారే. పద్దెనిమిదో శతాబ్దంలో నగరపాలకులకు కొత్త ఆలోచన వచ్చింది. అధికార చర్చి ఆచారాన్ని పాటించని క్రైస్తవులు ఆనాటి చట్టం ప్రకారం పదవి స్వీకరించలేరు. ఎన్నికై పదవి స్వీకరించకపోతే 600 పౌండ్లు జరిమానా. ఇంకేమున్నది, వారిలో ధనవంతులను ఏరి ఏరి షెరీఫులుగా ఎన్నుకున్నారు. జరిమానాల రూపంలో వచ్చిన 15,000 పౌండ్లకు పైగా సొమ్ము మేయరు భవన నిర్మాణానికి పోయింది. 1767లో ప్రభువుల సభ అడ్డుకునే వరకు ఈ విచిత్రం సాగింది. ఎన్నిక అనే పేరు పెట్టుకుని ఎన్నిక కానిది ఏదైనా చేయవచ్చునని అప్పుడే తేలింది.

షెరీఫ్‌ను నిజంగా ప్రజలు ఎన్నుకునే దేశం ఇప్పుడు అమెరికా. డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో స్థిరపడిన మన పిల్లలు పౌరసత్వం తీసుకుంటే అధ్యక్షునితోపాటు తమ కౌంటీ షెరీఫ్‌కు కూడా ఓటు వేస్తారు. అతడు పోలీసు అధిపతి, జైలు అధిపతి. అతని ప్రచారానికి విరాళాలిచ్చేవారిలో జైలుకు భోజనం, టెలిఫోను, వైద్యం సరఫరా చేసే కాంట్రాక్టర్లు ఉంటారని, అతని కింద పనిచేసే ఉద్యోగులు సైతం ఉంటారని అక్కడి పత్రికలు తరచు బయటపెడుతుంటాయి. చాలా కౌంటీలలో షెరీఫ్‌కు ప్రత్యర్థే ఉండడు.

అలబామా రాష్ట్రంలో ఎటోవా కౌంటీ కథ ఇంకా రుచికరం. ఖైదీల భోజనానికి ఇచ్చిన సొమ్ములో మిగిలినది షెరీఫే ఉంచుకోవచ్చునని ఒక పాత చట్టాన్ని ఆ రాష్ట్ర షెరీఫులు అన్వయించుకున్నారు. ఎటోవా షెరీఫ్ టాడ్ ఎన్‌ట్రెకిన్ ఆ విధంగా మూడేళ్లలో ఏడున్నర లక్షల డాలర్లకు పైగా మిగుల్చుకున్నాడని, సముద్రతీరాన ఒక విలాసగృహం కూడా కొన్నాడని 2018 మార్చిలో ఒక పత్రిక వెల్లడించింది. ఖైదీల కంచంలోని కూడు తీసి కడలి ఒడ్డున మేడ కట్టుకున్నట్లయింది. చట్టం అతనిని ఏమీ అనలేదు. కాని ఆ జూన్‌లో అతని పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే మరొకడు పోటీకి నిలబడ్డాడు. ఓటర్లు ఎన్‌ట్రెకిన్‌ను ఇంటికి పంపించారు.

ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బోధపడుతుంది. ఎన్నిక అనేది ధనాన్ని దూరంగా ఉంచదు. లండన్‌లోనూ ఉంచలేదు, అలబామాలోనూ ఉంచలేదు. అయినా అలబామాలో ఓటరుకు ఒక మాట చెప్పే అవకాశం మిగిలింది. కారణం, అక్కడ ఎదురు నిలిచిన మనిషి ఒకడున్నాడు. ప్రజాస్వామ్యాన్ని కాపాడేది పదవికి ఎన్నిక ఉండడం కాదు, ఎన్నికలో పోటీ ఉండడం. కనుక ధనం చేయగల మహాఘనకార్యం పోటీలో గెలవడం కాదు, పోటీనే లేకుండా చేయడం.

మన దేశంలో షెరీఫ్ పనిని రెండుగా పంచి కలెక్టరుకు, పోలీసు సూపరింటెండెంటుకు ఇచ్చాం. వారిని ఎన్నుకోము. ఎన్నుకోకపోవడమే మంచిదని ఈ విలేఖరి నమ్మకం. కులం, ధనం, ముఠా ఏలే జిల్లాలలో పోలీసు అధికారికి కూడా ఎన్నిక పెడితే ఏమవుతుందో పల్నాటి పాఠకులకు, రాయలసీమ పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. ఎన్నికల కాలంలో రిటర్నింగ్ అధికారి ఎన్నికల సంఘానికి డిప్యుటేషన్‌పై ఉన్నట్లు లెక్క అని ప్రజాప్రాతినిధ్య చట్టం 28-ఎ సెక్షన్ చెబుతున్నది. కాగితం మీద ఏర్పాటు బాగున్నది. కాని ఫలితాలు వచ్చాక అతని బదిలీ, పదోన్నతి మళ్లీ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోనే ఉంటాయి.

అటువంటి అధికారికి చట్టం ఇచ్చిన అధికారం సామాన్యమైనది కాదు. 36వ సెక్షన్ కింద నామినేషన్ల పరిశీలన అతనిదే. సంతకం అసలుదా, నకిలీదా అన్నది క్లుప్త విచారణతో తేల్చేదీ అతడే. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. ఆ ఒక్కడు మాట మార్చితే లక్షల ఓట్లున్న పార్టీ సైతం బరిలో ఉండదు. తిరస్కరణ తప్పని తోచినా వెంటనే న్యాయస్థానానికి పోయే దారి లేదు. రాజ్యాంగం 329వ అధికరణం అడ్డు నిలుస్తుంది. 1952లో నామక్కల్ రిటర్నింగ్ అధికారి తన నామినేషన్‌ను తిరస్కరించినందుకు పొన్నుస్వామి అనే అభ్యర్థి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఎన్నిక పూర్తయ్యాక ఎన్నికల పిటిషన్ వేసుకోవడమే మార్గమని న్యాయస్థానం చెప్పింది. నాటి నుంచి నేటి వరకు అదే ధర్మం. ఫలితం వచ్చిన 45 రోజుల్లో పిటిషన్ వేయవచ్చు. తీర్పు వచ్చేసరికి సభ కాలపరిమితి గడిచిపోయిన సందర్భాలు కొల్లలు.

పోటీ జరిగినా భాజపాయే గెలిచేది కదా, దీనికింత రాద్ధాంతమెందుకు అని అడిగేవారున్నారు. 2019లో ఆ పార్టీకి సూరత్‌లో వచ్చిన ఆధిక్యం సుమారు 5 లక్షల 48 వేలు. 2024లో పక్కనున్న నవసారిలో సి. ఆర్. పాటిల్ ఆధిక్యం 7 లక్షల 73 వేలు దాటింది. కనుక ఆ అంచనా సరైనదే కావచ్చు. అయినా ఆ వాదనకు ఇంగ్లీషు న్యాయశాస్త్రం మూడు శతాబ్దాల కిందటే సమాధానం చెప్పింది. ఐల్స్‌బరీ అనే ఊళ్లో యాష్బీ అనే చెప్పులు కుట్టే పేదవాని ఓటును ఎన్నికల అధికారి వైట్ స్వీకరించలేదు. యాష్బీ ఓటు వేయదలచిన అభ్యర్థులు ఆ ఓటు లేకుండానే గెలిచారు. మరి నష్టమేమిటని తక్కిన న్యాయమూర్తులు అడిగారు. ప్రధాన న్యాయమూర్తి హోల్ట్ ఒప్పుకోలేదు. హక్కు పోవడమే నష్టం, వేరే నష్టం చూపనక్కర లేదన్నాడు. కడకు ప్రభువుల సభ ఆయన పక్షమే నిలిచింది. ఆ చెప్పులు కుట్టేవానికి 5 పౌండ్ల పరిహారం దక్కింది. సూరత్‌లో భాజపాకు ఓటు వేయదలచినవారి హక్కు కూడా వ్యతిరేకుల హక్కుతోపాటే పోయిందని ఆ పార్టీ మిత్రులు గమనించినట్లు లేదు.

ఇక ధనం సంగతి. లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు పెద్ద రాష్ట్రాలలో పరిమితి 95 లక్షల రూపాయలు. ఆ అంకెను చూసి నవ్వని రాజకీయవాది సెంట్రల్ హాలులో ఈ విలేఖరికి తారసపడలేదు. 1974లో అమర్‌నాథ్ చావ్లా కేసులో అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చును కూడా లెక్కలోకి తీసుకోవాలని సుప్రీంకోర్టు అన్నది. ఆ ఏడాది తిరగకముందే చట్టాన్ని సవరించి ఆ తీర్పుకు ఆనకట్ట వేశారు. కంపెనీల విరాళాలను 1969లో నిషేధించి 1985లో మళ్లీ తెరిచారు. 2017లో లాభాల శాతంపై ఉన్న పరిమితిని ఎత్తివేసి, దాత పేరు బయటికి రాని బాండ్లు తెచ్చారు. అవి రాజ్యాంగ విరుద్ధమని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టివేసింది. తలుపు మూసిన ప్రతిసారీ ధనం కిటికీ వెతుక్కుంది. కిటికీ తెరిచిపెట్టిన చెయ్యి ప్రతిసారీ పార్లమెంటుదే.

ఫలితం లోక్‌సభలో కూర్చున్నది. 2024లో గెలిచినవారిలో 504 మంది, అనగా 93 శాతం, కోటీశ్వరులని వారి ప్రమాణపత్రాలను పరిశీలించిన ప్రజాస్వామ్య సంస్కరణల సంఘం లెక్క కట్టింది. ఆ జాబితాలో మొదటి రెండు స్థానాలూ తెలుగువారివే. గుంటూరు సభ్యుడు పెమ్మసాని చంద్రశేఖర్ ప్రకటించిన ఆస్తి 5,705 కోట్లు. చేవెళ్ల సభ్యుడు కొండా విశ్వేశ్వరరెడ్డిది 4,568 కోట్లు. వీరు ఆస్తిని దాచలేదు, ప్రజల ముందుకు వెళ్లి పోటీ చేసి గెలిచారు. ఆ మేరకు వారిని తప్పు పట్టలేము. కాని ధనవంతుడు కానివానికి టిక్కెట్టు అడిగే ధైర్యమే పోయిన సభలో నిరుపేద ఓటరు మాట ఎవరు మాట్లాడతారన్నది ప్రశ్న.

సూరత్‌ను వేలెత్తి చూపే ముందు మన ఇంటి వాకిలి చూసుకోవడం న్యాయం. ఏకగ్రీవం అన్న మాటను మనం పుణ్యకార్యంగా మార్చాం. గుజరాత్‌లో 2001 నుంచి సమరస్ పేరుతో ఏకగ్రీవ పంచాయతీలకు ప్రోత్సాహకాలు ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 పంచాయతీ ఎన్నికల్లో జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల వరకు ఇస్తామన్నారు. తెలంగాణలోనూ అటువంటి నజరానాలు ప్రకటించారు. ఊళ్లో తగవులు పెరగవు, ఖర్చు తగ్గుతుంది అన్న వాదనలో కొంత నిజం లేకపోలేదు. పదిమంది పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుని మంచివానిని ఎంచుకున్న ఊళ్లు ఉన్నాయి. కాని సర్పంచి పదవిని వేలం వేసి గుడి కడతామన్నవానికి కట్టబెట్టిన ఊళ్లు కూడా ఉన్నాయి. లండన్ నగరపాలకులు మేయరు భవనం కట్టుకున్నారు, మనవారు గుడి కట్టుకుంటున్నారు. తేడా అంతే.

2021 మునిసిపల్ ఎన్నికల్లో పులివెందుల, పుంగనూరు, మాచర్ల, పిడుగురాళ్ల పట్టణాలలో వార్డులన్నీ నాటి పాలకపక్షానికి పోటీ లేకుండా దక్కాయి. నామినేషన్లు వేయనివ్వలేదని ప్రతిపక్షాలు గగ్గోలు పెట్టాయి. అభివృద్ధి చూసి ప్రజలే ఏకమయ్యారని పాలకపక్షం చెప్పుకుంది. 2024లో అక్కడ ప్రభుత్వం మారింది. పోటీ లేని పట్టణాలన్నీ ప్రేమతో ఏకమైనవే అయితే మూడేళ్లకే ఆ ప్రేమ ఏమైనట్లు? అదే 2024లో అరుణాచల్ ప్రదేశ్‌లో ముఖ్యమంత్రి పెమా ఖండూతో సహా పదిమంది భాజపా శాసనసభ్యులు పోటీ లేకుండా వచ్చారు. ఇది ఒక్క పార్టీ రోగం కాదు. అధికారం ఏ పక్షాన ఉంటే ఆ పక్షాన ఏకగ్రీవం ఉంటుంది. ప్రతిపక్షం ఏకగ్రీవంగా గెలిచిన వార్త ఎన్నడైనా చదివామా అని పాఠకులు జ్ఞాపకం చేసుకోవాలి.

మందు లేని జబ్బు కాదిది. అభ్యర్థులెవరూ నచ్చలేదని చెప్పే హక్కును 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఓటరుకు ఇచ్చింది. ఆ మీట యంత్రం మీద ఉన్నది. కాని ప్రజాప్రాతినిధ్య చట్టం 53వ సెక్షన్ ప్రకారం ఒక్కడే అభ్యర్థి మిగిలితే పోలింగే ఉండదు, కనుక మీటా ఉండదు. పదిమంది ఉన్నప్పుడు వద్దనే హక్కు ఉన్న ఓటరుకు, ఒక్కడే ఉన్నప్పుడు ఆ హక్కు పోతుంది. అవసరమైన చోటే గొడుగు మూసుకున్నట్లున్నది ఈ ఏర్పాటు. 2018లోనే మహారాష్ట్ర, హర్యానా రాష్ట్ర ఎన్నికల సంఘాలు స్థానిక ఎన్నికల్లో ‘ఎవరూ కాదు’ అన్న మీటను ఒక కల్పిత అభ్యర్థిగా పరిగణిస్తామన్నాయి. ఆ మార్గం లోక్‌సభ దాకా రాలేదు.

53వ సెక్షన్‌ను సవాలు చేస్తూ విధి అనే న్యాయవిధాన అధ్యయన సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2025 ఏప్రిల్‌లో ఆ వ్యాజ్యాన్ని విచారిస్తూ, ఒక్కడే అభ్యర్థి ఉన్నా అతనికి కనీస శాతం ఓట్లు రావాలన్న నియమం ఎందుకు పెట్టకూడదని న్యాయమూర్తులు కేంద్రాన్ని అడిగారు. ఇటువంటి ఘటనలు బహు అరుదని ఎన్నికల సంఘం వాదన. అరుదైనది కనుక పట్టించుకోనక్కర లేదంటే, ఇల్లు రోజూ తగలబడదు కనుక బావిలో నీళ్లెందుకన్నట్లు ఉంటుంది.

చేయవలసినవి మూడే. మొదటిది, ఒక్కడే మిగిలినా పోలింగు జరపాలి; అతడు, ‘ఎవరూ కాదు’ మీట తలపడాలి. రెండవది, ప్రతిపాదకుడు మాట మార్చిన కారణంగా గుర్తింపు పొందిన పార్టీ పత్రం చెల్లకపోతే ఆ పార్టీకి కొత్త ప్రతిపాదకుని తెచ్చుకునేందుకు రెండు రోజుల గడువు ఇవ్వాలి. అభ్యర్థి మరణిస్తే పోలింగు వాయిదా వేసి పార్టీకి గడువిచ్చే చట్టం, ప్రతిపాదకుని మనసు మరణించినప్పుడు రెండు రోజులు ఇవ్వలేదా? మూడవది, నజరానాలతో ఏకగ్రీవాలను కొనే పథకాలను రాష్ట్రాలు విరమించుకోవాలి. ఒక నియోజకవర్గంలో పోలింగుకు అయ్యే ఖర్చును లెక్కించి అభ్యంతరం చెప్పేవారు, ఓటు లేని ఐదేళ్ల ప్రాతినిధ్యం ఖరీదును కూడా లెక్కించాలి.

శ్రీకాకుళపు ఇచ్ఛాపురానికి నాయకులు ఓటు కోసం నడిచి వెళ్లారు. సూరత్ ఇచ్ఛాపూర్ మీదుగా కోట్ల విలువచేసే సరుకు రోజూ నడుస్తున్నది. ఆ నగరంలోని మరమగ్గాల షెడ్లలో 2024 మే 8న పక్కపక్క మగ్గాలపై పనిచేసిన కార్మికులను తలుచుకోండి. లింబాయత్ నుంచి వచ్చినవాని ఎడమ చూపుడువేలిపై సిరా గుర్తు ఉన్నది. వరాఛా నుంచి వచ్చినవాని వేలిపై లేదు. ఇద్దరిదీ ఒకే కూలి, ఒకే నగరం, ఒకే రాజ్యాంగం. గుర్తు లేని ఆ వేలికి సమాధానం చెప్పవలసినది సూరత్ కలెక్టరు ఒక్కరే కాదు. ఆ చట్టాన్ని అలాగే ఉంచిన పార్లమెంటు కూడా.